లాగిన్ లిస్టులో తెలియని ఊరు కనిపిస్తే: ఒడిశా సరిహద్దు ఊళ్ళ వాళ్ళు ఏం చూడాలి, ఏం చేయాలి

పర్లాకిమిడిలో మా వీధి పిన్ని ఒకరు రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "ఏట్రా ఇది, నా ఫేస్‌బుక్కులోకి భువనేశ్వర్ నుంచి ఎవడో దూరాడంట, ఒకసారి చూడు" అన్నారు. చెయ్యి వణుకుతోంది. ఆవిడ అకౌంట్‌లో మనవడి ఫొటోలు తప్ప ఇంకేమీ ఉండవు, కానీ ఆవిడకి అవే ప్రాణం. ఆ అకౌంట్ ఏయే ఫోన్లలో తెరిచి ఉందో ఫేస్‌బుక్ చూపించే లాగిన్ లిస్టు తెరిచి చూస్తే నాలుగు వరసలు ఉన్నాయి. ఒకటి భువనేశ్వర్, ఒకటి హైదరాబాద్, ఒకటి కోల్‌కతా, ఒకటి విశాఖపట్నం. ఆ నెలంతా ఆవిడ పాతపట్నం సంత దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. తీరా చూస్తే ఆ నాలుగింటిలో మూడు ఆ ఇంటివే, నాలుగోదే పరాయిది. ఆ పరాయిది ఆవిడ భయపడిన భువనేశ్వర్ కాదు. అదేదో తర్వాత చెబుతాను, ఎందుకంటే అది ఎలా తేలిందో తెలియాలంటే ముందు ఆ లిస్టు చదవడం రావాలి.

మన వైపు, అంటే పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం వైపు ఉండే తెలుగువాళ్ళకి ఈ భయం తరచుగా ఎదురవుతుంది, దానికి గట్టి కారణమే ఉంది. ఈ లిస్టులో ఊరి పేరు పెద్దగా కనిపిస్తుంది, కానీ అందులో అన్నిటికన్నా నమ్మకూడనిది ఆ ఊరి పేరే.

ముందు సెషన్ అంటే ఏంటో

మీరు ఒకసారి పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్ళాక ఫేస్‌బుక్ గానీ ఇన్‌స్టాగ్రామ్ గానీ మీ ఫోన్‌కి ఒక టోకెన్ ఇస్తుంది. పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ లాంటిదనుకోండి. ఆ చీటీ చేతిలో ఉన్నంతకాలం ప్రతి గది దగ్గరా మళ్ళీ పేరు, ఊరు అడగరు. అందుకే మీరు రోజూ యాప్ తెరిచినా పాస్‌వర్డ్ అడగదు. ఈ చీటీ ఒకటి ఉంటే ఒక సెషన్ ఉన్నట్టు. యాప్‌లో ఒకటి, అదే ఫోన్‌లో క్రోమ్‌లో తెరిస్తే ఇంకొకటి, అబ్బాయి లాప్‌టాప్‌లో తెరిస్తే మరొకటి. మనిషి ఒక్కరే, ఫోన్ కూడా ఒక్కటే అయినా వరసలు మూడు నాలుగు ఉండటం మామూలే.

దీనిలోనే ఇంకో సంగతి ఉంది. ఆ చీటీ వేరేవాళ్ళ చేతికి చిక్కితే వాళ్ళకి మీ పాస్‌వర్డ్ తెలియాల్సిన అవసరమే లేదు, ఓటీపీ కూడా రాదు. కాబట్టి "నాకు ఓటీపీ రాలేదు కదా, ఎవరూ రాలేదు" అనుకోవడం సరికాదు.

ఊరి పేరు ఎందుకు తప్పు చెబుతుంది

ఆ లిస్టులోని ఊరు జీపీఎస్ నుంచి వచ్చింది కాదు. మీ ఫోన్ ఇంటర్నెట్‌లోకి వెళ్ళేటప్పుడు దానికో ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో దాన్ని గుర్తించే ఒక నంబర్ ఉంటుంది, ఆ అడ్రస్ ఏ కంపెనీది, ఆ కంపెనీ దాన్ని ఎక్కడ వాడుతున్నట్టు రికార్డుల్లో ఉంది అనేదాన్నిబట్టి ఊరిని అంచనా వేస్తారు. పాత రకం ఐపీ అడ్రస్‌లు ప్రపంచం మొత్తానికి దాదాపు 430 కోట్లే, అవి ఎప్పుడో చాలకుండా పోయాయి, అందుకని మొబైల్ కంపెనీలు ఒకే అడ్రస్‌ని ఎంతోమంది కస్టమర్లకి కలిపి వాడతాయి. పైగా మీ ఫోన్ పక్క కొండమీది టవర్‌కే తగిలినా, ఆ డేటా అక్కడి నుంచి కంపెనీ పెద్ద కేంద్రానికి వెళ్ళి అక్కడే ఇంటర్నెట్‌లో కలుస్తుంది. ఆ కేంద్రం ఉన్న ఊరో, రికార్డులో రాసి ఉన్న ఊరో మీ లిస్టులో పడుతుంది.

ఇప్పుడు మన సంగతి చూడండి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది, పాతపట్నం ఇటు ఉండిపోయింది, మధ్యలో ఆటో ఎక్కితే అయిపోయే దూరం. టెలికాం సర్కిళ్ళు, అంటే మొబైల్ సర్వీసు కోసం దేశాన్ని విడగొట్టిన ప్రాంతాలు, కూడా ఆ గీత ప్రకారమే ఉన్నాయి. ఒడిశా ఒక సర్కిల్. ఆంధ్రా సిమ్ అంటే తెలంగాణ కూడా కలిసిన సర్కిల్, రాష్ట్రం విడిపోయినా టెలికాంలో ఆ రెండూ ఇప్పటికీ ఒక్కటే. అందుకే ఒడిశా సిమ్‌తో వాడితే భువనేశ్వరో కటకమో కనిపించవచ్చు, ఆంధ్రా సిమ్‌తో వాడితే హైదరాబాద్ కనిపించవచ్చు, ఇంట్లో వైఫై వాడితే ఆ బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ ఎక్కడ అడ్రస్‌లు పెట్టుకుందో ఆ ఊరు. మనలో సగంమంది ఫోన్లలో ఒక సిమ్ ఇటుది, ఒకటి అటుది. నౌపడలో రైలెక్కి గుణుపురంలో దిగేలోపు ఫోన్ రెండు రాష్ట్రాల టవర్ల మీద నడుస్తుంది, ఆ ప్రయాణంలో మీరు సిమ్ డేటా మార్చారంటే లిస్టులో ఊరు కూడా మారిపోవచ్చు. మహారాష్ట్రలో ప్రాణహిత ఒడ్డున సిరొంచలో ఉండే మనవాళ్ళకీ ఇంతే, ఊళ్ళ పేర్లు మాత్రం నాగ్‌పూర్, ముంబై, హైదరాబాద్ అని ఉంటాయి. ఫోన్‌లో వీపీఎన్ యాప్ (నెట్‌ని వేరే చోటి నుంచి తిప్పి పంపేది) ఏదైనా వేసుకుని ఉంటే ఏకంగా వేరే దేశమే కనిపిస్తుంది.

కాబట్టి తెలియని ఊరు కనిపించినంత మాత్రాన దొంగ వచ్చినట్టు కాదు. తెలిసిన ఊరు కనిపించినంత మాత్రాన మనవాళ్ళే అనుకోవడానికీ లేదు. ఈ రెండో మాట చాలామంది చెప్పరు, నా అనుభవంలో ఎక్కువ నష్టం దానివల్లే జరుగుతుంది.

లిస్టు తెరవడం

ముందుగా ఒక హెచ్చరిక. "మీ అకౌంట్‌లోకి కొత్త లాగిన్ జరిగింది, మీరు కాకపోతే ఇక్కడ నొక్కండి" అని మెయిలో ఎస్సెమ్మెస్సో వాట్సాప్ మెసేజో వస్తే అందులోని లింక్ నొక్కకండి. నిజమైన మెయిల్ కూడా అలాగే ఉంటుంది, దొంగ మెయిల్ కూడా అచ్చం అలాగే ఉంటుంది, టెన్షన్‌లో ఉన్నప్పుడు తేడా కనిపెట్టడం కష్టం. మెసేజ్ మూసేసి, మీ అంతట మీరే యాప్ తెరవండి.

ఫేస్‌బుక్‌లో అయితే మెనూ, సెట్టింగ్స్, పైన అకౌంట్స్ సెంటర్, అందులో పాస్‌వర్డ్ అండ్ సెక్యూరిటీ, అందులో 'వేర్ యూ ఆర్ లాగ్డ్ ఇన్'. ఇన్‌స్టాగ్రామ్‌లో మీ ప్రొఫైల్‌కి వెళ్ళి పైన మూడు గీతలు నొక్కితే అదే అకౌంట్స్ సెంటర్ వస్తుంది, మిగతా దారి ఒకటే. యాప్ తెలుగులోనో ఒడియాలోనో పెట్టుకున్నవాళ్ళకి పేర్లు వేరుగా కనిపిస్తాయి కానీ వరస అదే. ఫేస్‌బుక్, ఇన్‌స్టా రెండూ కలిపి ఉంటే రెండిటినీ విడివిడిగా చూడాలి, ఒకటి చూసి రెండోది వదిలేయకండి.

అదే పాస్‌వర్డ్ అండ్ సెక్యూరిటీ పేజీలో 'రీసెంట్ ఈమెయిల్స్' అని ఇంకోటి ఉంటుంది. కంపెనీ మీకు నిజంగా పంపిన సెక్యూరిటీ మెయిల్స్ ఏవో అక్కడ కనిపిస్తాయి. మీకొచ్చిన మెయిల్ అక్కడ లేకపోతే అది నకిలీదనే అనుకోండి.

గూగుల్‌కి ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్, మేనేజ్ యువర్ గూగుల్ అకౌంట్, సెక్యూరిటీ, అక్కడ 'యువర్ డివైసెస్'. ఇది సోషల్ మీడియా కాదు కదా ఎందుకంటారేమో. మీ ఫేస్‌బుక్ తాళంచెవి ఉండేది జీమెయిల్‌లోనే, అందుకని.

ఒక్కో వరస చదవడం

ఇక్కడ తొందరపడకండి. ఏదీ తీసేయకముందు అన్నిటినీ స్క్రీన్‌షాట్ తీసుకోండి, తర్వాత పోలీసులకి చెప్పాల్సి వచ్చినా, మీరే మరోసారి ఆలోచించుకోవాలన్నా అదొక్కటే ఆధారం, ఒకసారి లాగౌట్ కొట్టాక ఆ వరస పోతుంది. తర్వాత ఒక కాగితం మీద ప్రతి వరసకీ మూడు సంగతులు రాసుకోండి: ఏ పరికరం, యాప్‌లోనా బ్రౌజర్‌లోనా, ఎప్పుడు. ఊరు రాయాలనిపిస్తే చివర్లో రాయండి.

పరికరం దగ్గర జనం ఎక్కువగా తికమకపడతారు. లిస్టులో ఫోన్ పేరు కొన్నిసార్లు మనం పిలిచే పేరుతో ఉండదు, కంపెనీ మోడల్ నంబర్‌తో ఉంటుంది. ఎస్ఎమ్ అని మొదలైతే శామ్‌సంగ్. ఆర్ఎమ్ఎక్స్ అని ఉంటే రియల్‌మీ. సీపీహెచ్ అంటే ఒప్పో, కొన్నిసార్లు వన్‌ప్లస్. వీ తర్వాత నాలుగంకెలు ఉంటే ఎక్కువగా వివో. మీ ఫోన్‌లో సెట్టింగ్స్ చివర అబౌట్ ఫోన్ తెరిస్తే మోడల్ నంబర్ అని ఉంటుంది, దాన్నీ లిస్టులోదాన్నీ అక్షరం అక్షరం పోల్చండి. ఇంట్లో అందరి ఫోన్ల నంబర్లూ ఒకసారి అదే కాగితం మీద రాసి పెట్టుకుంటే ఇకముందు ఈ పని రెండు నిమిషాల్లో అయిపోతుంది.

బ్రౌజర్ నుంచి వచ్చిన వరసలు ఇంకా తికమక. ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్ ఇప్పుడు సైట్లకి అసలు మోడల్ చెప్పడం మానేసింది, మీ ఫోన్ ఏదైనా సరే "ఆండ్రాయిడ్ 10" అనీ మోడల్ స్థానంలో "కే" అనీ చెబుతుంది. మీది ఆండ్రాయిడ్ 14 ఫోన్ అయినా లిస్టులో ఆండ్రాయిడ్ 10 అని కనిపించి గుండె ఆగినంత పనవుతుంది. విండోస్ 11 కంప్యూటర్ కూడా విండోస్ 10 అని కనిపించవచ్చు, ఎందుకంటే బ్రౌజర్లు రెండిటికీ అదే అంకె చెబుతాయి. కాబట్టి బ్రౌజర్ వరసలో వెర్షన్ అంకె కలవలేదని అనుమానపడకండి. మీ ఇంట్లో అసలు ఐఫోనే లేనప్పుడు ఐఫోన్ అని ఉంటేనో, కంప్యూటరే లేనప్పుడు విండోస్ అని ఉంటేనో, అప్పుడు ఆగి చూడాలి.

ఇక సమయం. లిస్టులో ఉండేది ఎక్కువగా ఆ సెషన్ చివరిసారి వాడిన సమయం, మొదట లాగిన్ అయిన సమయం కాదు. "ఈ పరికరం" అని ఉన్నది మీరు పట్టుకున్న ఫోన్. మిగతావాటికి ఆ రోజు ఆ గంటలో మీరెక్కడున్నారో గుర్తుచేసుకోండి. పిల్లల ఫోన్ అయితే స్కూల్ టైమ్ కలిసిందా, లాప్‌టాప్ అయితే అది ఆ రోజు తెరిచారా. రాత్రి రెండుగంటలకి వాడినట్టు ఉంటే, మీరు ఆ టైమ్‌కి నిద్రలో ఉంటే, ఊరు మీ సొంత ఊరే రాసి ఉన్నా అది అనుమానించాల్సిన వరస. ఒక మినహాయింపు ఉంది, యాప్ వెనకాల తనంతట తాను నోటిఫికేషన్లు తెచ్చుకుంటూ ఉంటుంది, కాబట్టి మీ సొంత ఫోన్ మోడల్ పక్కన రాత్రి సమయం కనిపిస్తే కంగారు అక్కర్లేదు.

మనవాళ్ళదా, పరాయిదా

పరికరం గుర్తుపట్టలేదంటే వెంటనే హ్యాకర్ అనుకునే ముందు ఈ నాలుగు చోట్ల వెతకండి.

ఫోన్ కొన్న షాపు. మన ఊళ్ళలో కొత్త ఫోన్ కొంటే షాపులో కుర్రాడే జీమెయిల్ చేసి, ఫేస్‌బుక్ తెరిచి చేతికిస్తాడు. మంచి మనసుతోనే చేస్తాడు, కానీ చాలాసార్లు పాస్‌వర్డ్ అందరికీ ఒకేలా పెడతాడు, రికవరీ నంబర్ (పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ వచ్చే నంబర్) దగ్గర తన నంబరో షాపు నంబరో కొట్టేస్తాడు. అంటే మీ జీమెయిల్‌కి ఇంకొకరి దగ్గర తాళంచెవి ఉన్నట్టే. నేను చూసిన అకౌంట్లలో ఈ ఒక్క లోపం ఎన్నిసార్లు దొరికిందో. మీ గూగుల్ అకౌంట్‌లో రికవరీ ఫోన్, రికవరీ ఈమెయిల్ అని ఉంటాయి, అక్కడున్న నంబర్ మీదేనా ఈరోజే చూడండి.

ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేసిన ఫోన్, చుట్టాలకి ఇచ్చేసిన పాత ఫోన్. ఫ్యాక్టరీ రీసెట్ చేయకుండా, అంటే ఫోన్‌లో ఉన్నవన్నీ చెరిపేయకుండా ఇస్తే మీ చీటీ అందులోనే ఉంటుంది. మీరు కొత్త ఫోన్‌లో లాగిన్ అయినంత మాత్రాన పాతది చావదు.

నెట్ సెంటర్, జిరాక్స్ షాపు. హాల్‌టికెట్ ప్రింట్ కోసమో అప్లికేషన్ కోసమో మెయిల్ తెరిచి లాగౌట్ చేయకుండా వచ్చేస్తాం. ఇలాంటి వరసలు విండోస్ అని, రోజులో దుకాణం తెరిచి ఉండే వేళల్లో కనిపిస్తాయి.

ఫేస్‌బుక్‌తో లాగిన్ అయిన గేములు, క్విజ్‌లు. ఇవి సెషన్ లిస్టులో కనిపించవు, సెట్టింగ్స్‌లో 'యాప్స్ అండ్ వెబ్‌సైట్స్' అని వేరే చోట ఉంటాయి. అక్కడ కూడా ఒకసారి చూడండి.

ఇంట్లోవాళ్ళని అడిగేటప్పుడు నిలదీసినట్టు అడగకండి. "నా అకౌంట్ నీ ఫోన్‌లో ఎప్పుడైనా తెరిచావా" అని మామూలుగా అడిగితే చెబుతారు, అరిస్తే పిల్లలు లేదనేస్తారు, ఆ అబద్ధం పట్టుకుని మీరు లేని దొంగ కోసం వెతుకుతారు.

నిజంగా పరాయిదే అయితే

ఇక్కడ వరస ముఖ్యం. నేను దీన్ని తప్పు వరసలో చేసి నష్టపోయాను. కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి నా లిస్టులో తెలియని ఊరు చూసి, ఏ స్క్రీన్‌షాటూ తీయకుండా అన్నిటినీ లాగౌట్ చేసి, పాస్‌వర్డ్ మార్చేశాను. కంగారులో కొట్టిన ఆ కొత్త పాస్‌వర్డ్ పొద్దున్నకి గుర్తులేదు. తిరిగి తెచ్చుకుందామంటే అకౌంట్‌కి ఉన్నది నేను మానేసిన పాత ఒడిశా నంబర్, మెయిల్ కూడా తెరుచుకోలేదు. పదకొండేళ్ళ ఫొటోలున్న అకౌంట్ అది, మా నాన్నగారి చివరి ఫొటోలు అందులోనే ఉన్నాయి. మళ్ళీ దొరకలేదు. ఆ తెలియని ఊరు బహుశా నా సొంత సిమ్‌దే అయ్యుంటుందని తర్వాత తెలుసుకున్నాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మీరు పట్టుకున్న ఫోన్ శుభ్రంగా ఉందా చూడండి. పెళ్ళి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలాన్ అనో, ప్రభుత్వ పథకం డబ్బులనో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్ వేసేది) ఈమధ్య వేశారా? వేసి ఉంటే ఆ ఫోన్‌లో పాస్‌వర్డ్ మార్చి లాభం లేదు, కొత్త పాస్‌వర్డ్ కూడా వాళ్ళకే చేరవచ్చు. నెట్ ఆపేసి, నమ్మకమైన వాళ్ళ వేరే ఫోన్ నుంచి మిగతా పని చేయండి, ఈ ఫోన్‌ని తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి.

తర్వాత జీమెయిల్. ఫేస్‌బుక్ కంటే ముందు ఇదే. ఎందుకంటే దొంగ మెయిల్‌లో కూర్చుని ఉంటే మీరు ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా 'ఫర్గాట్ పాస్‌వర్డ్' నొక్కి మెయిల్‌కొచ్చిన కోడ్‌తో మళ్ళీ లోపలికి వస్తాడు. మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, యువర్ డివైసెస్‌లో తెలియనివన్నీ సైన్ అవుట్ చేయండి, రికవరీ నంబర్ మీదేనని చూడండి. జీమెయిల్‌ని కంప్యూటర్‌లో తెరిచి సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్స్ కూడా ఒకసారి చూడండి, మీ మెయిల్స్ కాపీ వేరే అడ్రస్‌కి వెళ్ళేలా పెట్టి ఉండొచ్చు. పాస్‌వర్డ్ మార్చినా ఆ ఏర్పాటు అలాగే ఉంటుంది.

అప్పుడు ఫేస్‌బుక్, ఇన్‌స్టా. అకౌంట్స్ సెంటర్‌లో పర్సనల్ డీటెయిల్స్‌లో ఉన్న నంబర్లు, మెయిళ్ళు చూడండి. మీది కానిది ఒక్కటి ఉన్నా తీసేయండి. ఇది చూడకుండా పాస్‌వర్డ్ మారిస్తే పెరటి తలుపు తీసి ఉంచి వీధి తలుపుకి తాళం వేసినట్టు. తర్వాత పాస్‌వర్డ్ మార్చండి, మార్చేటప్పుడు 'మిగతా పరికరాల నుంచి లాగౌట్' అనే టిక్ ఉంటుంది, అది పెట్టండి. పాస్‌వర్డ్‌ని ముందే కాగితం మీద రాసుకుని, చూసి కొట్టండి. ఇంట్లో బీరువాలో ఉన్న కాగితాన్ని ఏ హ్యాకరూ చదవలేడు. ఒక అకౌంట్‌ది ఇంకో అకౌంట్‌కి పెట్టకండి.

చివరగా టూ ఫ్యాక్టర్, అంటే పాస్‌వర్డ్‌తోపాటు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు. ఎస్సెమ్మెస్ ఓటీపీ లేనిదానికన్నా నయమే, కానీ ఆర్ ఉదయగిరి వైపు కొండల్లో పనిచేసే టీచర్లకి, నర్సులకి నేను ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోమనే చెబుతాను. అది ఫోన్‌లోనే కోడ్ తయారుచేస్తుంది, 30 సెకన్లకోసారి మారుతుంది, సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. సిమ్ పోయినా ఇబ్బంది ఉండదు. దానితోపాటు రికవరీ కోడ్లు ఇస్తారు, అవి కూడా ఆ కాగితం మీదే రాయండి. లాగిన్ అలర్ట్స్ ఆన్ చేయండి.

వాట్సాప్, టెలిగ్రామ్

వాట్సాప్‌లో పైన మూడు చుక్కలు (ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్), లింక్డ్ డివైసెస్. ఫోన్ కాక నాలుగు పరికరాలు కలపొచ్చు, తెలియనిది ఉంటే దానిమీద నొక్కి లాగౌట్. వాట్సాప్ కలపడానికి ఓటీపీయే అక్కర్లేదు, మీ ఫోన్‌తో ఒక క్యూఆర్ స్కాన్ చేసినా, ఎవరో చెప్పిన 8 అక్షరాల కోడ్ మీ ఫోన్‌లో కొట్టినా చాలు. "ఓటు వేయండి", "ఫొటో చూడండి" అని ఏ పేజీ అయినా వాట్సాప్‌లో కోడ్ కొట్టమంటే అది ఇదే. ఒకవేళ మీ వాట్సాప్ మొత్తం వేరే ఫోన్‌లోకి వెళ్ళిపోతే, వెంటనే మీ నంబర్‌తో మళ్ళీ రిజిస్టర్ చేయండి, మీకొచ్చిన 6 అంకెల కోడ్ కొట్టగానే అవతలివాడు బయటికి పోతాడు. వాడు టూ స్టెప్ పిన్ (ఆ కోడ్ తర్వాత అదనంగా అడిగే రహస్య అంకెలు) పెట్టేసి ఉంటే మీరు లోపలికి వెళ్ళడానికి 7 రోజులు ఆగాలి, కానీ వాడు కూడా లోపల ఉండలేడు. ఆ పిన్ మీరే ముందుగా పెట్టుకుంటే ఈ బాధే లేదు.

టెలిగ్రామ్‌లో సెట్టింగ్స్, డివైసెస్. దీనిలో ఒక మంచి ఏర్పాటు ఉంది, కొత్తగా లాగిన్ అయినవాడు వెంటనే మీ పాత సెషన్‌ని తీసేయలేడు. కాబట్టి అలర్ట్ రాగానే మీరే ముందు వాడిని తీసేయండి.

వదిలేసిన సిమ్

ఇది మన సరిహద్దు వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. చదువుకి శ్రీకాకుళం వెళ్ళి ఆంధ్రా సిమ్ తీసుకుంటాం, ఉద్యోగానికి బరంపురం వచ్చి ఒడిశా సిమ్ తీసుకుంటాం, పాతది రీచార్జ్ మానేస్తాం. నంబర్ రద్దయ్యాక 90 రోజులు దాటితే కంపెనీ దాన్ని వేరేవాళ్ళకి ఇచ్చేయవచ్చు. ఆ కొత్త మనిషి ఫేస్‌బుక్‌లో తన నంబర్ కొడితే మీ అకౌంట్ కనిపిస్తుంది, కోడ్ వాళ్ళ ఫోన్‌కే వెళుతుంది. వాళ్ళు దొంగలు కాకపోవచ్చు, అయినా మీ లిస్టులో తెలియని సెషన్ పడుతుంది. సిమ్ వదిలేసే ముందే అన్ని అకౌంట్లలో, బ్యాంకులో కూడా, నంబర్ మార్చండి. అసలు 2015 జులై నుంచి ఏ రాష్ట్రం నంబర్‌నైనా దేశంలో ఎక్కడికైనా అదే నంబర్‌తో పోర్ట్ చేసుకోవచ్చు, అలా చేసుకుంటే ఈ గొడవే ఉండదు. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో కనిపిస్తుంది, మీది కానిది ఉంటే అక్కడే చెప్పొచ్చు.

అకౌంట్ చేయి దాటిపోతే

లోపలికే వెళ్ళలేకపోతే ఫేస్‌బుక్ డాట్ కామ్ స్లాష్ హ్యాక్డ్, ఇన్‌స్టాగ్రామ్ డాట్ కామ్ స్లాష్ హ్యాక్డ్ అనే పేజీలు ఉన్నాయి. ఇంతకుముందు రోజూ వాడిన ఫోన్ నుంచి, ఇంటి నెట్ మీద ప్రయత్నించండి. "అకౌంట్ తెచ్చిపెడతాం" అని డబ్బు అడిగేవాళ్ళని నమ్మకండి, వాళ్ళు చేసేదేమీ లేదు.

మీ పేరుతో ఎవరినైనా డబ్బు అడిగారంటే మాత్రం ఇక ఆగకండి, మీ వాళ్ళందరికీ ఫోన్ చేసి చెప్పించండి. డబ్బు పోయినవాళ్ళు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు మధ్యలో ఆపడానికి అంత వీలుంటుంది. డబ్బు పోకపోయినా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఇంకొకరి పాస్‌వర్డ్‌ని మోసంతో వాడటం ఐటీ చట్టం 66సీ కింద నేరం, మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

"ఇది మా పరిధి కాదు, ఆంధ్రాలో ఇవ్వండి" అనో "ఒడిశాలో ఇవ్వండి" అనో అంటే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ పేరు చెప్పండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చని అందులో ఉంది. ఆన్‌లైన్‌లో పంపినా తీసుకోవాలి, కాకపోతే మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెట్టాలి. ఇందాక తీసుకున్న స్క్రీన్‌షాట్లు పట్టుకెళ్ళండి.

పిన్ని ఫోన్ సంగతి

ఆ రాత్రి కాగితం మీద నాలుగు వరసలూ రాశాం. భువనేశ్వర్ అని ఉన్నది ఆవిడ చేతిలోని ఫోనే, ఒడిశా సిమ్ మీద. హైదరాబాద్ అని ఉన్నది ఆండ్రాయిడ్ 10 అని చూపించింది, అదీ ఆ ఫోనే, ఆంధ్రా సిమ్ డేటా ఉన్న రోజు క్రోమ్‌లో తెరిచారు. కోల్‌కతా బాబాయిగారి ఫోన్, ఇంటి వైఫై. విశాఖపట్నం అన్నదాన్ని పిన్ని మొదటే పక్కన పెట్టేశారు, "అది మా అమ్మాయిదిలే, అక్కడే కదా ఉంటోంది" అని. అమ్మాయికి ఫోన్ చేసి మోడల్ నంబర్ చదవమన్నాం. తనది శామ్‌సంగ్. లిస్టులో ఉన్నది ఆర్ఎమ్ఎక్స్, ముందురోజు రాత్రి ఒంటిగంటన్నరకి వాడింది. బాబాయిగారు లోపలికి వెళ్ళి పాత డబ్బా ఒకటి తెచ్చారు, మొన్న సంక్రాంతికి ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేసిన ఫోన్‌ది, రీసెట్ చేయకుండానే ఇచ్చారట. డబ్బా మీది నంబర్ లిస్టులోదానితో కలిసింది.

ముందు జీమెయిల్ చూశాం, అక్కడా అదే ఫోన్ ఉంది, తీసేశాం. తర్వాత ఫేస్‌బుక్. పిన్ని కొత్త పాస్‌వర్డ్‌ని తెలుగులో పలికినట్టుగా కాగితం మీద రాసుకుని మడిచి, బియ్యం డబ్బా కింద పెట్టుకున్నారు. మర్నాడు అదే టైమ్‌కి మళ్ళీ వచ్చి లిస్టు తెరిపించారు. రెండే వరసలున్నాయి, ఆవిడదీ బాబాయిదీ.